రూపం మనది, రాబడి ఎవరిది?

హైదరాబాద్‌లో ఏ పెద్ద బట్టల దుకాణానికి పోయినా పోచంపల్లి కనిపిస్తుంది. చీర మీదనే కాదు. చొక్కా మీద, చేతిసంచి మీద, దుప్పటి మీద, సెల్‌ఫోన్ తొడుగు మీద, చివరికి పింగాణీ చాయ్ కప్పు మీద కూడా అదే చదరం, అదే చిలుక, అదే ఏనుగు. ఆ పక్కనే తంగేడు పువ్వు వేసిన పూలకుండీ, బోనం ఆకారంలో చేసిన దీపం. ధర చీటీ మీద కంపెనీ పేరు ఉంటుంది, డిజైనర్ పేరు ఉంటుంది. చిటికి కట్టిన మనిషి పేరు ఉండదు. సారె తిప్పిన మనిషి పేరు ఉండదు. ఇందులో మగ్గం మీద నేసింది ఎంత, మిషను మీద అచ్చు గుద్దింది ఎంత అని అడిగితే చెప్పే దిక్కు ఉండదు.

ప్రకృతి నుంచి, దైవం నుంచి స్ఫూర్తి పొంది బట్టలను, మట్టి పాత్రలను రూపొందించడం ఇవాళ పెద్ద వ్యాపారం. ఆ స్ఫూర్తి మీద మాకు అభ్యంతరం లేదు. పువ్వును చూసి చీర నేయాలనిపించడం, అమ్మను తలచుకొని కుండకు పసుపు పూయడం తెలంగాణ పల్లెకు కొత్త కాదు. మా ప్రశ్న ఒక్కటే. రూపం తీసుకున్నవాడు ఆ రూపాన్ని కన్నవాడికి ఏమిచ్చాడు?

అసలు ఈ రూపాలు ఎక్కడ పుట్టాయో చూద్దాం. బతుకమ్మనే తీసుకోండి. తంగేడు, గునుగు, బంతి, కట్ల. కింద వెడల్పు, మీదికి సన్నం, వరుసకో రంగు, నెత్తిన పసుపు గౌరమ్మ. మధ్యాహ్నమంతా పేర్చి, పొద్దుగూకినాక ఆడి, చెరువులో సాగనంపుతారు. ఇక్కడ పువ్వే దేవత. ప్రకృతి ఒకటి, దైవం ఇంకొకటి అనే గీతను మన ఆడబిడ్డలు ఎన్నడూ గీయలేదు. ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో వాళ్లు ఏ కళాశాలలోనూ ఫీజు కట్టి నేర్చుకోలేదు.

సిద్దిపేట గొల్లభామ చీర ఇంకో సంగతి చెబుతుంది. నెత్తి మీద కుండ పెట్టుకొని నడిచిపోయే గొల్లభామ బొమ్మ అది. కుట్టు పని కాదు, అచ్చు పని కాదు. మగ్గం మీదనే పడుగు పోగుల నడుమ రంగు పోగును చేత్తో దూరుస్తూ వరుస మీద వరుస పేర్చితే ఆ బొమ్మ లేస్తుంది. పొద్దున్నే వాకిట్లోకి పాలు, చల్ల తెచ్చే మనిషే నేతగానికి నమూనా. చూసే కంటిని బట్టి ఆమె రాధ కూడా కావచ్చు. ఇవాళ ఆ చీర నేయగలిగినవారు కొద్దిమందే మిగిలారు. బొమ్మ మాత్రం ప్రింటు చీరల మీద ఊరూరా తిరుగుతున్నది.

గద్వాల మగ్గాలది మరో తీరు. తిరుమల బ్రహ్మోత్సవాల కోసం అక్కడి నేతగాళ్లు ఏటా జోడు పంచెలు నేస్తారు. గద్వాల సంస్థానం నాటి నుంచి వస్తున్న ఆచారం ఇది. నేసినన్ని రోజులు నేతగాళ్లు దీక్షలో ఉంటారు. ఆ పంచెలు మూలవిరాట్టుకే చేరుతాయి. దేవుడి ఒంటి మీది బట్ట కూడా మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి చేతిలో నుంచే పోవాలి. పద్మశాలీల కులకథ ప్రకారం భావనారుషి తామర తూడు దారంతో దేవతలకు బట్ట నేశాడు. కథను నమ్మడం, నమ్మకపోవడం ఎవరిష్టం వారిది. ఆ కథలోని గౌరవం మాత్రం కూలి లెక్కలోకి ఎన్నడూ రాలేదు.

ఇక మట్టి. ఆషాఢంలో గోల్కొండ జగదాంబికతో మొదలై సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, లాల్‌దర్వాజ దాకా బోనాలు సాగుతాయి. బోనం అంటే ఏమిటి? కుమ్మరి చేసిన కుండ. దానికి సున్నం, పసుపు, కుంకుమ. అంచుకు వేపమండలు. లోపల బెల్లం అన్నం, మీద దీపం. రంగం నాడు మహంకాళి గుడిలో భవిష్యవాణి వినిపించే తల్లి నిలబడేది పచ్చికుండ మీద. కాల్చని కుండ అది. వేల మంది ఊపిరి బిగబట్టి వినే మాటకు ఆధారం కుమ్మరి చేతి మట్టి. మన పెండ్లికి ఐరేని కుండలు కావాలి. చావుకూ కుండ కావాలి. నాగార్జునసాగర్ నీళ్లలో మునగకముందు ఏలేశ్వరంలో తవ్వి చూస్తే రాకాసిగూళ్లలో మనుషుల ఎముకల పక్కన మట్టిపాత్రలే దొరికాయి. చచ్చినవారికి తోడుగా కుండను పంపిన నేల ఇది.

ఇన్ని చెప్పడం పాత గొప్పలు చెప్పుకోవడానికి కాదు. డిజైన్ అంటే కాగితం మీద బొమ్మ అనీ, నేయడం, చేయడం కేవలం చేతిపని అనీ ఒక అబద్ధం చలామణిలో ఉంది. ఆలోచించేది డిజైనర్, చెప్పినట్టు చేసేది నేతగాడు అన్నట్టుగా ప్రదర్శనల్లో మాట్లాడతారు. ఈ అబద్ధం మీదనే దోపిడీ అంతా నిలబడింది. అందుకే పని ఎట్లా జరుగుతుందో ఒకసారి చెప్పుకోవాలి.

ఇక్కత్‌లో బొమ్మ బట్ట కంటే ముందు పుడుతుంది. మన పల్లెల్లో చిటికి అనే పని అదే. పోగులను కట్టలుగా చేసి, గళ్ల కాగితం మీది గీత ప్రకారం ఎక్కడ రంగు ఎక్కకూడదో అక్కడ రబ్బరు ముక్కలతో బిగించి కడతారు. రంగులో ముంచుతారు. విప్పుతారు. మళ్లీ వేరే చోట కట్టి మళ్లీ ముంచుతారు. ఎన్ని రంగులైతే అన్ని సార్లు. పడుగుకూ పేకకూ రెండింటికీ ఇట్లా చేస్తే జంట ఇక్కత్. నేసేటప్పుడు ఆ పోగు మీది రంగు ఈ పోగు మీది రంగుతో కలవాలి. ఒక పోగు జరిగితే చిలుక ముక్కు వంకర పోతుంది. ఈ లెక్కంతా వేసేది పోచంపల్లిలో, పుట్టపాకలో, కొయ్యలగూడెంలో ఇంటి అరుగు మీద కూర్చున్న మనుషులే. వాళ్లను డిజైనర్లు అనకపోతే ఎవరిని అనాలి?

పోగు పోసే ఆసు పని సంగతి మరీ దారుణం. వరుసగా గుచ్చిన మేకుల చుట్టూ దారాన్ని తిప్పాలి. ఒక చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆడాలి. ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. భుజాలు పడిపోయేవి. తల్లి పడుతున్న నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఏండ్ల తరబడి కష్టపడి 1999 నాటికి ఆసు యంత్రం తయారు చేశాడు. దానికి తల్లి లక్ష్మి పేరు పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఏ డిజైన్ సంస్థా చేయని పనిని మగ్గం ఇంటి బిడ్డ చేసి చూపించాడు.

తేలియా రుమాలు చూడండి. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో, గొర్రె పెంటికల్లో నానబెట్టి, పిసికి, ఎండబెట్టి రోజుల తరబడి సాధిస్తేనే ఎరుపు, నలుపు నిలుస్తాయి. ఆ నూనె వాసన వల్లనే దానికి ఆ పేరు. చీరాల నుంచి పుట్టపాక దాకా సాగిన ఈ విద్య ఒకనాడు అరబ్బు దేశాల మగవారి తలల మీద నిలిచింది. ప్రకృతి స్ఫూర్తి అంటే పువ్వు బొమ్మ వేయడమే కాదని తేలియా చెబుతుంది. ఇక్కడ ప్రకృతి బొమ్మలో లేదు, పనిలో ఉంది. పుట్టపాక నుంచి గజం గోవర్ధన్ 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీలు అందుకున్నారు. 2020లో తేలియాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పురస్కారం వచ్చినప్పుడు చప్పట్లు కొట్టిన చేతులు ఆ చీర వెల చెప్పగానే జేబులో నుంచి బయటికి రావు.

కుమ్మరి పనీ అంతే. చెరువు మట్టిని తెచ్చి, ఎండబెట్టి, దంచి, జల్లించి, నానబెట్టి, కాళ్లతో తొక్కి, సారె మీద ఎత్తి, చెక్కతో తట్టి గుండ్రం తెచ్చి, నీడన ఆరబెట్టి కాల్చాలి. కాల్చేటప్పుడు గాలి తిరిగినా, వాన పడినా ఆ నెల కష్టం పెంకుల పాలు. రంజన్‌లో నీళ్లు చల్లగా ఉండడానికి మంత్రమేమీ లేదు. మట్టిలోని సన్న రంధ్రాల నుంచి నీరు ఊరి, ఆవిరై పోతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. ఏ మట్టిలో ఎంత ఇసుక కలిపితే ఆ ఊట సరిగ్గా ఉంటుందో కుమ్మరి చేతికి తెలుసు. ఇది శాస్త్రం. దీనికి పట్టా ఇచ్చే కళాశాల లేకపోవచ్చు.

మరి ఈ రూపాలను కాపాడే చట్టాలు లేవా? ఉన్నాయి. ఎట్లా ఉన్నాయో చూడండి. భౌగోళిక సూచికల చట్టం 1999లో చేశారు, 2003లో అమలులోకి తెచ్చారు. పోచంపల్లి ఇక్కత్ ఆ గుర్తింపు పొందిన తొలి వస్తువుల్లో ఒకటి. మంచిదే. కానీ అది ప్రధానంగా పేరుకు రక్షణ. వేరేచోట చేసిన బట్టను పోచంపల్లి అని అమ్మితే తప్పు. అదే బొమ్మను మిషను మీద గుద్ది ‘ఇక్కత్ ప్రింట్’ అని చీటీ అంటిస్తే? ఆ దారి తెరిచే ఉంది. పైగా ఆ గుర్తింపును వాడుకోవాలంటే నేతగాడు విడిగా అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. దరఖాస్తు, రుసుము, కాగితాలు. రెండు వేల డిజైన్ల చట్టమా? అది కొత్త నమూనాకే వర్తిస్తుంది. పదేండ్లు, పొడిగిస్తే మరో ఐదేండ్లు. తాతల నాటి చిలుక కొత్తది కాదు కాబట్టి దానికి రక్షణ లేదు. 2000 సంవత్సరపు ఆ చట్టం ముందు తరతరాల పనితనం అనాథ.

ఇంకొకటి 1985 చేనేత రిజర్వేషన్ చట్టం. కొన్ని రకాల బట్టలను మగ్గం మీదనే నేయాలని అది చెప్పింది. మొదట 22 రకాలు. 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. తర్వాత ఆ జాబితాను 11కు కుదించారు. అదీ నేత గురించిన చట్టం. నేతను పోలినట్టు అచ్చు గుద్దిన గుడ్డను ఆపడానికి దానికి చేతులు చాలవు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు చేనేత బట్ట మీద కూడా 5 శాతం వేశారు. రక్షణ ఇచ్చేటప్పుడు సర్కారుకు నేతగాడు కనబడడు, పన్ను వేసేటప్పుడు కనబడతాడు.

ఫలితం ఏమిటి? 2019-20 నాలుగో చేనేత గణన దేశమంతా తిరిగి 35 లక్షల మంది చేనేత పనివారిని లెక్కించింది. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఈ కుటుంబాల్లో మూడింట రెండు వంతులకు నెలకు ఐదు వేల రూపాయలు కూడా రావడం లేదని ఆ గణనే చెప్పింది. ఇది సర్కారు లెక్క, మాది కాదు. ఒక చీరకు ఇంటిల్లిపాదీ కూర్చుంటుంది. కూలి మాత్రం మగ్గం మీది మనిషికి లెక్కగడతారు. చిటికి కట్టిన కోడలు, కండెలు చుట్టిన ముసలమ్మ ఆ లెక్కలో లేరు.

తెలంగాణ ఉద్యమానికీ ఈ రూపాలకూ ఉన్న బంధం చిన్నది కాదు. ధర్నాల్లో బతుకమ్మ ఆడారు, రోడ్ల మీద బోనాలు ఎత్తారు. మా భాష, మా పండుగ, మా బతుకు అని చెప్పడానికి ఇంతకంటే బలమైన గుర్తులు దొరకలేదు. 2014లో రాష్ట్రం వచ్చింది. ఆ ఏడే బతుకమ్మ, బోనాలు రాష్ట్ర పండుగలయ్యాయి. తంగేడు రాష్ట్ర పువ్వు, పాలపిట్ట రాష్ట్ర పక్షి, జమ్మి రాష్ట్ర వృక్షం అయ్యాయి. గుర్తులకు పట్టాభిషేకం జరిగింది. ఆ గుర్తులను చేతులతో చేసేవారి సంగతి?

2017 నుంచి 2023 దాకా బతుకమ్మ చీరలు పంచారు. దాదాపు కోటి మందికి. మొదటి ఏడు సూరత్ నుంచి తెచ్చిన చీరలు కూడా కలిశాయి. నాణ్యత లేదని ఆడవాళ్లు వాటిని రోడ్ల మీద తగలబెట్టారు. తర్వాత పని సిరిసిల్ల మరమగ్గాలకు ఇచ్చారు. ఆత్మహత్యలతో పత్రికలకెక్కిన సిరిసిల్లకు పని దొరికింది. ఆ పనిని మేము తప్పుపట్టం. మరమగ్గం కార్మికుడు చేనేత కార్మికుడికి శత్రువు కాదు. ఇద్దరూ ఒకే ఇంటి మనుషులు, చాలాచోట్ల ఒకే కులం మనుషులు. కానీ గౌరమ్మ పండుగకు ఇచ్చే బట్టలో మగ్గం మీద నేసిన నూలు ఎంత అని అడిగే హక్కు మాకుంది. పూల పండుగ పేరు పెట్టి పాలిస్టర్ పంచడం దగ్గరే ఆలోచన ఆగిపోవాలా?

ఒక మంచి జరిగింది, అదీ చెప్పుకోవాలి. 2024 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో చేనేత సాంకేతిక విద్యాసంస్థ మొదలైంది. దానికి కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు పెట్టారు. 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవిని వదిలినవాడు, చేనేత సహకార సంఘాల కోసం పాటుపడినవాడు. ఆ పేరు తగిన పేరే. కానీ పేరుతో కడుపు నిండదు. ఆ సంస్థలో పాఠం చెప్పే కుర్చీల్లో మగ్గం మీది మనుషులు కూర్చుంటారా? లేక వాళ్లు వర్క్‌షాపు నాడు వచ్చి, నేసి చూపించి, శాలువా కప్పించుకొని పోయేవారుగానే మిగిలిపోతారా? బాపూజీ పేరుకు న్యాయం జరిగిందా లేదా అన్నది ఆ కుర్చీలే తేలుస్తాయి.

కొందరు పెద్దమనుషులు మాకు ఒక తర్కం చెబుతారు. పువ్వు అందరిదీ, అమ్మవారు అందరిదీ, సంప్రదాయం ఎవరి సొత్తూ కాదు, బతుకమ్మకు హక్కుదారుడు ఎవరు అని. పువ్వు అందరిదే. ఒప్పుకుంటాం. కానీ పువ్వును పోగులోకి దించిన లెక్క అందరిదీ కాదు. మట్టి అందరిదే. ఆ మట్టిని బోనంగా నిలబెట్టిన చెయ్యి అందరిదీ కాదు. పోనీ నిజంగా అందరిదే అయితే లాభం కూడా అందరికీ రావాలి కదా! నమూనా దగ్గర సమష్టి, రాబడి దగ్గర సొంతం. ఇదెక్కడి న్యాయం?

ఇంకో తర్కం: చవక ప్రింట్ల వల్ల పోచంపల్లికి ప్రచారం వస్తుంది, గిరాకీ పెరుగుతుంది అని. ఆరువందలకు ప్రింటు దొరికినప్పుడు ఆరువేల చీర ఎందుకు అని అడిగే కొనుగోలుదారును తయారు చేసింది ఆ ప్రచారమే. నకిలీ పెరిగిన ప్రతిచోటా అసలు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

అందుకే మా డిమాండ్లు స్పష్టంగా చెబుతున్నాం.

ఒకటి. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట, గొల్లభామ, తేలియా నేసే ప్రతి నేతగాడినీ భౌగోళిక గుర్తింపు కింద సర్కారే తన ఖర్చుతో నమోదు చేయించాలి. కాగితాల కోసం నేతగాడు ఆఫీసుల చుట్టూ తిరగొద్దు. ఆఫీసే మగ్గం దగ్గరికి రావాలి.

రెండు. అచ్చు గుద్దిన ప్రతి బట్ట మీద ‘ఇది నేసింది కాదు, ముద్రించింది’ అని తెలుగులో, కనబడే అక్షరాలతో రాయించాలి. నేసిన బట్ట మీద నేసిన కుటుంబం పేరు, చిటికి కట్టినవారి పేరు ఉండాలి.

మూడు. సర్కారు బడులు, దవాఖానలు, వసతిగృహాలు కొనే దుప్పట్లు, యూనిఫారాల్లో చేనేతకు ఖాయమైన వాటా ఇవ్వాలి. సహకార సంఘాలకు ఆ పైకం నెలల తరబడి ఆపకుండా చెల్లించాలి.

నాలుగు. ప్రతి ఊరి చెరువులో కుమ్మరి మట్టి తీసుకునే జాగను రాతపూర్వకంగా గుర్తించాలి. 2015 నుంచి మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీసిన రాష్ట్రంలో కుమ్మరి తట్టెడు మట్టి కోసం ఎవరినీ బతిమాలుకునే పరిస్థితి ఉండొద్దు.

ఐదు. దేవాదాయ శాఖ గుళ్లలో బోనాలకు, దీపాలకు మట్టి కుండలు, ప్రమిదలను స్థానిక కుమ్మరుల దగ్గరే, గిట్టుబాటు ధరకు కొనాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లోనే చెప్పింది. ఆ జాగలో మట్టి గణపతి రావాలంటే ఆర్డరు వినాయక చవితికి వారం ముందు కాదు, ఎండాకాలంలో ఇవ్వాలి. మట్టికి ఆరే సమయం కావాలి.

ఆరు. చేనేత, డిజైన్ విద్యాసంస్థల్లో నేత, కుమ్మరి పెద్దలను జీతమిచ్చి అధ్యాపకులుగా నియమించాలి. వాళ్లకు లేని పట్టాను అడ్డం పెట్టొద్దు.

ఇవి సర్కారు చేయవలసినవి. మన వంతు కూడా ఉంది. డిజైన్ చదివే విద్యార్థులారా, మీరు ప్రాజెక్టు కోసం ఊరికి పోయి ఫొటోలు తీసుకొని వస్తారు. ఎవరి మగ్గం దగ్గర కూర్చున్నారో, ఎవరి సారె దగ్గర నేర్చుకున్నారో వారి పేరు మీ పుస్తకం మొదటి పేజీలో రాయండి. మీ నమూనా అమ్ముడుపోతే అందులో వారికి వాటా ఇవ్వండి. స్ఫూర్తి అనే మాటకు అప్పుడే అర్థం. ఉద్యోగ మిత్రులారా, సోమవారం చేనేత కట్టాలని అధికారులు చెబితే కట్టడం ఒకటి. కొనేటప్పుడు ‘ఇది ఏ ఊరి మగ్గం?’ అని అడగడం ఇంకొకటి. పది మంది అడిగితే దుకాణదారుడు నవ్వి ఊరుకుంటాడు. పదివేల మంది అడిగితే చీటీ మారుస్తాడు. వచ్చే బోనాలకు స్టీలు బిందె పక్కకు పెట్టి మట్టికుండ ఎత్తండి. ఆ కుండ కొన్నప్పుడు మాత్రం బేరమాడకండి.

అడిగి సాధించుకోవడం తెలంగాణకు ఎవరూ నేర్పనక్కరలేదు. నీళ్లు అడిగాం, కొలువులు అడిగాం, నిధులు అడిగాం. ఇప్పుడు పోగు లెక్క, మట్టి లెక్క అడుగుతున్నాం. అమ్మవారికి చీర కట్టి, కుండ ఎత్తి మొక్కే ప్రతి ఒక్కరూ ఆ చీర నేసిన ఇంట్లో, ఆ కుండ చేసిన ఇంట్లో పొయ్యి వెలిగిందా అని కూడా అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు రానంతకాలం గాజు అద్దాల వెనక మెరిసే తంగేడు పువ్వు మా కంటికి దొంగసొత్తులాగే కనబడుతుంది.